ముక్కుపుటాలు లావుగా ఉంటే: ఎక్కడ కోయాలి, ఎంత కోయాలి, ఎప్పుడు ఆగాలి

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న పని చేయండి. చూపుడువేలు ముక్కు రంధ్రం అంచుకు లోపలివైపు, బొటనవేలు బయటివైపు పెట్టి, ముక్కుపుటాన్ని మెల్లగా పట్టుకోండి. ముక్కు కొన దగ్గర మొదలుపెట్టి చెంప వైపు జరుపుకుంటూ రండి. కొన దగ్గర వేళ్ల మధ్య వంగే రేకులాంటిది ఒకటి తగులుతుంది. అది మృదులాస్థి, కార్టిలేజ్. వెనక్కి వస్తున్నకొద్దీ ఆ రేకు పైకి ఎక్కి వెళ్లిపోతుంది. చివరికి మీ వేళ్లలో మిగిలేది మెత్తటి కండ, అచ్చం చెవితమ్మె పట్టుకున్నట్టే ఉంటుంది.

ఈ పూట మాట్లాడుకునేది ఆ కండ గురించే. అందులో ఎముక లేదు, కార్టిలేజ్ లేదు. బయట ఒక చర్మం, లోపల ఒక చర్మం, మధ్యలో కొవ్వూ పీచూ కలిసిన కణజాలం, సన్నటి కండరాలు, అంతే. గట్టిగా గాలి పీల్చినప్పుడు రంధ్రం మూసుకుపోకుండా నిలబెట్టేది ఆ మందమే. ‘డాక్టరు గారూ, నా ముక్కు లావుగా ఉంది, కాస్త తగ్గించండి’ అని అడిగేవాళ్లు గుమ్మానికి ఆనుకున్న స్తంభాన్నే చెక్కమంటున్నారన్న మాట. చెక్కొచ్చు. ఎంతవరకు చెక్కొచ్చో తెలిసి చెక్కాలి.

‘లావు’ అనే ఒక్క మాట కింద నాలుగు వేరువేరు సంగతులు దాక్కుని ఉంటాయి. ఒకరికి పుటం గోడే మందం. తల పైకెత్తి కింద నుంచి చూస్తే రంధ్రం చిన్నగా, చుట్టూ గోడ దళసరిగా కనిపిస్తుంది. ఇంకొకరికి గోడ మామూలుగానే ఉంటుంది, కానీ విల్లులా పక్కకు ఉబ్బి, చెంపను కలిసే చోటు దాటి బయటికి వస్తుంది. దీన్ని ఫ్లేర్ అంటాం. మూడో రకంలో ఉబ్బూ లేదు, మందమూ లేదు; రెండు పుటాలు ముఖాన్ని కలిసే చోట్లే దూరదూరంగా ఉంటాయి. ఆ కలిసే చోటును పీట అందాం, అంటే ఇది పీట వెడల్పు. నాలుగోది, పుటం అంచు కిందికి వేలాడటం. పక్క నుంచి చూస్తే రెండు రంధ్రాల మధ్య ఉండే స్తంభం, కాల్యుమెల్లా, కనబడకుండా పోతుంది. చాలామందిలో వీటిలో రెండు మూడు కలిసే ఉంటాయి. ఒక్కోదానికి కోత పెట్టే చోటు వేరు. ఫ్లేర్‌కు చేయాల్సిన కోత పీట వెడల్పుకు చేస్తే రంధ్రం ఆకారం చెడుతుంది గానీ వెడల్పు తగ్గదు. గోడ మందంగా ఉన్నవాళ్లకు పీట దగ్గర కోస్తే లావు గోడలు రెండూ దగ్గరికి జరిగి, రంధ్రం ఇంకా చిన్నదవుతుంది. రెండోసారి సర్జరీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కథ ఇక్కడే మొదలవుతుంది, అసలు ఏది లావో తేల్చకపోవడం దగ్గర.

కొలతలు ఎలా తీస్తామో చెబుతాను. కాలిపర్‌తో రెండు కళ్ల లోపలి మూలల మధ్య దూరం కొలుస్తాం, పుటాల వెడల్పు కొలుస్తాం. రెండూ సమానంగా ఉండాలని యూరప్ పుస్తకాలు చెబుతాయి. మన తెలుగు ముఖాల్లో పుటాల వెడల్పు దానికన్నా కొంచెం ఎక్కువ ఉండటం మామూలు, అందంలో దానికి లోటేమీ లేదు. ఆ పుస్తకపు గీతకు తెచ్చి నిలపాలని చూస్తే ముఖానికి అతకని ముక్కు తయారవుతుంది. చెంప దగ్గర పుటం అతికిన చోటు నుంచి బయటికి ఎన్ని మిల్లీమీటర్లు ఉబ్బిందో చూస్తాం. తర్వాత, కాల్యుమెల్లా మధ్యగీత నుంచి కుడి పుటానికి ఎంత, ఎడమ పుటానికి ఎంత అని విడివిడిగా కొలుస్తాం. ఇవి రెండూ సమానంగా ఉన్న మనిషి అరుదు. కొలవకుండా రెండువైపులా సమానంగా కోస్తే, పుట్టుకతో ఉన్న తేడా సర్జరీ తర్వాత ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నవ్వమంటాం కూడా. నవ్వినప్పుడు పుటాలు పక్కకు సాగుతాయి. కొందరికి ఇబ్బంది నవ్వులోనే ఉంటుంది, ఊరికే కూర్చున్నప్పుడు ఉండదు. వాళ్లకు కత్తి అక్కర్లేదు. పుటాన్ని తెరిచే కండరంలో అటు 2 నుంచి 4, ఇటు 2 నుంచి 4 యూనిట్ల బొటాక్స్, అంటే కండరాన్ని సడలించే ఇంజెక్షన్, వేస్తే 3, 4 నెలలు తగ్గి ఉంటుంది.

ఫోన్ చూపించి ‘ఇదిగో సార్, నా ముక్కు ఎంత ఉందో చూడండి’ అనే పిల్లలు చాలామంది. 2018లో అమెరికా సర్జన్లు లెక్క కట్టి చూపించారు: 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో, 5 అడుగుల నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, ముక్కు వెడల్పు దాదాపు 30 శాతం ఎక్కువ కనబడుతుంది. లెన్స్‌కు ముక్కు దగ్గరగా, చెవులు దూరంగా ఉండటం వల్ల వచ్చే తేడా అది. అందుకే మేము 5, 6 అడుగుల దూరం నుంచి ఎదురుగా, రెండు పక్కల నుంచి, రెండు ఏటవాలు కోణాల నుంచి, తల పైకెత్తించి కింద నుంచి, మొత్తం 6 ఫోటోలు తీస్తాం. ఆ ఫోటోలు చూశాక ‘ఇంతేనా’ అని వెళ్లిపోయేవాళ్లున్నారు. అది మంచి ఫలితమే.

ఇంకో ముఖ్యమైన సంగతి ముక్కు కొన. డేరా గుర్తు తెచ్చుకోండి. మధ్య గుంజ పొట్టిదైతే గుడ్డ పక్కలకు వదులై పరుచుకుంటుంది. గుంజ ఎత్తు పెంచితే పక్కలు వాటంతటవే లోపలికి లాక్కుంటాయి. ముక్కు కూడా అంతే. కొనకు లోపలి ఆధారం తక్కువైతే పుటాలు పక్కకు ఉబ్బుతాయి. ఇలాంటివాళ్లకు ముక్కు లోపలి మధ్యగోడ నుంచో, చెవి నుంచో కార్టిలేజ్ తీసి కొన లేపితే ఫ్లేర్ చాలావరకు దిగిపోతుంది. అందుకే రైనోప్లాస్టీ, అంటే ముక్కు ఆకారం మార్చే సర్జరీ, మొత్తం చేసేటప్పుడు పుటాల కోత చిట్టచివరి పని. ముందే పుటం కోసి తర్వాత కొన లేపితే, అవసరానికి మించి కోసినట్టు అప్పుడు తెలుస్తుంది. తీసిన కండ తిరిగి పెట్టలేం. అనుమానం ఉంటే పుటాల పని 6 నెలలో, ఏడాదో ఆగి విడిగా చేయడం మేలు.

ఇక ఎవరికి అసలు చేయకూడదో చెప్పాలి. పుట్టుకతో ఉన్న లావు వేరు, ఈ రెండేళ్లలో వచ్చిన లావు వేరు. పెద్దయ్యాక ముక్కుపుటాలు మందమవుతూ, చెవితమ్మెలు కూడా దళసరెక్కి, కనుబొమల వెంట్రుకలు రాలుతూ, చర్మం మీద స్పర్శ తగ్గుతూ ఉంటే అది కుష్ఠు కావచ్చు. మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. దాని మీద అందం కోసం కత్తి పెట్టడం ఘోరమైన పొరపాటు. పాత ఉంగరం వేలికి పట్టడం లేదు, చెప్పుల సైజు పెరిగింది, దాంతోపాటు ముక్కూ లావెక్కింది అంటే గ్రోత్ హార్మోన్ పరీక్ష చేయించాలి. ముక్కు లోపల గట్టిపడి, గాలి ఆడక, పొరలు కట్టి దుర్వాసన వస్తుంటే రైనోస్క్లెరోమా అనే బాక్టీరియా జబ్బు ఉందేమో ఈఎన్‌టీ డాక్టరు బయాప్సీ తీసి చూడాలి. గర్భిణుల్లో ముక్కు ఉబ్బడం మామూలే. కాన్పయ్యాక కొన్ని నెలలు ఆగి చూస్తే దానంతటదే దిగుతుంది. పెరిగే వయసు పిల్లలకూ తొందర వద్దు: ఆడపిల్లలకు 16, మగపిల్లలకు 17 దాటాకే ముక్కు ఎదుగుదల ఆగుతుంది. సర్జరీకి ఒప్పుకుంటూ పెట్టే సంతకం మాత్రం 18 నిండాకే చెల్లుతుంది.

సర్జరీ గదిలోకి వద్దాం. మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే, మనిషిని నిటారుగా కూర్చోబెట్టి గీతలు గీస్తాం. ఈ వరస తప్పకూడదు. మందు లోపలికి వెళ్లగానే పుటం ఉబ్బుతుంది, 1 మిల్లీమీటరు లెక్క అక్కడే పోతుంది. పడుకోబెడితే చెంపలు చెవుల వైపు జారి గీత మారిపోతుంది. సన్నటి మార్కర్‌తో, ముక్కు చెంపను కలిసే మడత మీద ఒక గీత, దానికి పైన ఎంత తీయాలో చూసుకుని రెండో గీత. మడతలోనే కోయాలా, అర మిల్లీమీటరు నుంచి 1 మిల్లీమీటరు పైన పుటం వైపు కోయాలా అన్నదాని మీద సర్జన్లలో రెండు దారులున్నాయి. నేను కాస్త పైనే కోయమంటాను. సరిగ్గా మడతలో కోస్తే మడత లోతు పోయి, పుటం చెంపకు మైనంతో అతికించినట్టు కనబడుతుంది.

మత్తు మందు సాధారణంగా 2 శాతం లిగ్నోకెయిన్, అందులో 2,00,000 పాళ్లకు 1 పాలు అడ్రినలిన్. ఒక్కోవైపు 1 నుంచి 1.5 మిల్లీలీటర్లు చాలు. 60 కిలోల మనిషికి ఈ మందు 21 మిల్లీలీటర్ల వరకు హద్దు కాబట్టి మనం చాలా లోపలే ఉంటాం. ఇచ్చాక 7 నుంచి 10 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చర్మం తెల్లబారాక కత్తి పెడితే రక్తం తక్కువ, కొలత స్పష్టంగా కనబడుతుంది. ఆ పది నిమిషాలు ఆగలేని తొందర కనబడ్డ చోట మిగతా పని మీద కూడా నాకు నమ్మకం ఉండదు.

ఫ్లేర్ మాత్రమే ఉంటే, బయటి చర్మం నుంచి నెలవంక ముక్క తీస్తాం. దీనికి మూలం 1892లో న్యూయార్క్ సర్జన్ రాబర్ట్ వియర్ చెప్పిన కోత. ఇప్పటికీ వియర్ ఎక్సిషన్ అనే అంటారు. మామూలుగా 2 నుంచి 3 మిల్లీమీటర్లు. 4 దాటడం అరుదు. అద్దంలో 1 మిల్లీమీటరు తేడా కూడా కనిపిస్తుంది, నమ్మండి. మడత చుట్టూ పైకి ఎంత దూరం కోయాలన్నదానికీ హద్దుంది. పుటం మడతకు 2, 3 మిల్లీమీటర్ల పైన ముక్కు పక్క రక్తనాళం నడుస్తుంది. ముక్కు కొనకు రక్తం అందించే దారి అది. కొన దగ్గర ఓపెన్ రైనోప్లాస్టీ (కాల్యుమెల్లా మీద కోసి చర్మం పైకెత్తి చేసేది) కూడా చేసిన రోజున ఈ నాళాన్ని తెంపితే కొన చర్మం నల్లబడే ప్రమాదం ఉంది.

పీట వెడల్పు తగ్గించాలంటే కోత రంధ్రం అడుగున పడాలి. రంధ్రంలోకి అడుగుపెట్టే ఆ చోటును సర్జన్లు నాస్ట్రిల్ సిల్ అంటారు, మన మాటలో గడప. గడప నుంచి 2, 3 మిల్లీమీటర్ల ముక్క తీసి, పుటాన్ని లోపలికి తిప్పి కుడతాం. కోయకుండా, పై పెదవి కింద నుంచి రెండు పీటలనూ బలమైన దారంతో దగ్గరికి బిగించే పద్ధతీ ఉంది. దారం కాలంతో కణజాలంలో కోసుకుపోయి కొంత వదులవుతుంది, కాబట్టి దాని మీదే పూర్తిగా ఆధారపడకూడదు.

ఇప్పుడు అసలు మందం తగ్గించడం. ఇందులో రెండు దారులు. ఒకటి, రంధ్రం అంచు లోపలివైపు, వెంట్రుకలు మొదలయ్యే చోటుకు పక్కనే, పొడుగ్గా, రెండు కొసలూ సన్నబడే కదురు ఆకారంలో ముక్క తీయడం. మధ్యలో వెడల్పు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. అడ్డంగా కోసి చూస్తే ఆ ముక్క V అక్షరంలా లోతుకు సన్నబడాలి, తీసిన చోట కొవ్వు, పీచు బయటపడతాయి, కరిగే సన్నదారంతో అంచులు కలుపుతాం. మచ్చ అంచుకు లోపల ఉండిపోతుంది. రెండోది, పీట దగ్గర ఎలాగూ కోత ఉంటే, ఆ గాయం నుంచే సన్నటి కత్తెర బయటి చర్మానికీ లోపలి చర్మానికీ మధ్య నడిపి, మధ్యలో ఉన్న కండను చిన్న చిన్న ముక్కలుగా తీయడం. ఎడమచేతి వేలు బయట ఆనించి ఉంచాలి. కత్తెర మొన వేలికి తెలియాలి. తెలియనంత లోపలో, మరీ దగ్గరగానో వెళ్తే చర్మానికి చిల్లు పడుతుంది. ఒకే పుటం మీద రెండు దారుల్లోనూ గట్టిగా తీసేస్తే అంచుకు రక్తం అందదు. తీశాక లోపల ఖాళీలో రక్తం చేరకుండా, పలచటి సిలికాన్ రేకు పెట్టి, ఆ పక్క నుంచి ఈ పక్కకు రెండు కుట్లు వేసి కొద్ది రోజులు ఉంచుతాం. రక్తం చేరి గట్టిపడితే, తీసిన మందం మచ్చ రూపంలో తిరిగి వచ్చేస్తుంది.

కుట్ల మాట కొంచెం నెమ్మదిగా చెప్పనివ్వండి, ఎందుకంటే మచ్చ తేలేది అక్కడే. లోపల 5-0 కరిగే దారంతో ఒకటో రెండో కుట్లు వేసి లాగుడంతా వాటి మీదకి మళ్లిస్తాం. పైన ఇంకా సన్నటి 6-0 నైలాన్ దారం. చర్మం మీద మొదటి కుట్టు మడతా గడపా కలిసే మూలలో పడాలి. ఆ మూల అర మిల్లీమీటరు తప్పినా, కింద నుంచి చూసినప్పుడు మెట్టులాగో, నొక్కులాగో కనబడుతుంది. ముడి బిగించకూడదు, అంచులు ముద్దు పెట్టుకున్నట్టు ఆనితే చాలు. మర్నాటికి వాపు వచ్చి దానంతటదే బిగుస్తుంది. మన ముక్కు చర్మంలో నూనె గ్రంథులు ఎక్కువ. కుట్టు ఎక్కువ రోజులు ఉంటే ఆ గ్రంథుల్లో చీము పట్టి, కుట్టు పక్కన నిచ్చెన మెట్ల లాంటి గుర్తులు పడతాయి. 5వ రోజు నుంచి 7వ రోజు లోపల తీసేయాలి. ‘పండక్కి ఊరెళ్లి వచ్చాక తీయించుకుంటాను’ అనేవాళ్లకు సర్జరీ తేదీనే మార్చమంటాం.

ఏం తప్పుతుంది? ఎక్కువ కోయడం. తక్కువ కోస్తే ఏడాది ఆగి మళ్లీ ఇంకో మిల్లీమీటరు తీయొచ్చు. ఎక్కువ కోస్తే చెవి నుంచి చర్మం, కార్టిలేజ్ కలిసిన ముక్క తెచ్చి అతకాలి. అది పట్టొచ్చు, పట్టకపోవచ్చు. రంధ్రం కన్నీటి చుక్కలా మారిపోవడం, పుటం వంపు పోయి చెంపలోకి తిన్నగా గీసినట్టు కలిసిపోవడం, అంచు పైకి ముడుచుకుని రంధ్రం ఎదురుగా కనబడటం, గట్టిగా పీలిస్తే గోడ లోపలికి పడిపోవడం, ఇవన్నీ ఎక్కువ తీసినందువల్లే. రంధ్రం మరీ ఇరుకైతే రేపు ఏదో జబ్బు చేసి ఆసుపత్రిలో ముక్కు నుంచి రైల్స్ ట్యూబు, అంటే కడుపులోకి ఆహారం పంపే గొట్టం, వేయాల్సి వచ్చినా ఇబ్బందే. ముక్కు అతికే పద్ధతి రాసిన సుశ్రుతుడు గాలి ఆడటానికి రెండు గొట్టాలు పెట్టమని కూడా రాశాడు. గాలి దారి సంగతి అప్పటివాళ్లకు కూడా మొదటి సంగతే.

సర్జరీ తర్వాత జాగ్రత్తలు. మొదటి 3 రాత్రులు రెండు దిండ్లు. ఐసు గుడ్డలో చుట్టి చెంపల మీద, కుట్ల మీద కాదు. పక్కు కడితే సెలైన్‌లో ముంచిన దూదిపుల్లతో తడిపి తీయాలి, గిల్లకూడదు. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పలచగా రోజుకు 2, 3 సార్లు. పసుపు, కొబ్బరినూనె, వెన్న ఏవీ వద్దు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి. 2 వారాలు ముక్కు చీదకూడదు. చుట్ట, సిగరెట్టు సర్జరీకి 4 వారాల ముందు, 4 వారాల తర్వాత పూర్తిగా మానాలి. మన ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు ఏ ముఖం సర్జరీకైనా ఇదే మాట. పొగ సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది, పుటం బతికేది ఆ నాళాల మీదే. ఆస్పిరిన్ లాంటి మందులు వాడుతుంటే, గుండె డాక్టరును అడగకుండా మీ అంతట మీరు ఆపకండి.

విశాఖలో ఎండ, చెమట, ఉప్పుగాలి మూడూ కలిసి వస్తాయి. మన చర్మంలో కొత్త మచ్చకు ఎండ తగిలితే ఎరుపు తగ్గాల్సింది పోయి నలుపు తిరుగుతుంది. 3 వారాల వరకు సముద్రస్నానం వద్దు. గాయం మూసుకున్నాక కనీసం ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసి, చెమట పట్టే రోజుల్లో 2 గంటలకోసారి మళ్లీ రాయాలి. బీచ్ రోడ్డులో పొద్దున్న నడిచేవాళ్లు టోపీ పెట్టుకోండి. సిలికాన్ జెల్ 3వ వారం నుంచి 3 నెలలు. వాపు నెలలో చాలావరకు దిగుతుంది, మందం తీసిన పుటంలో గట్టిదనం మాత్రం 6 నెలల నుంచి ఏడాది ఉంటుంది. రెండో నెలలో అద్దం చూసి ‘తేడా ఏమీ రాలేదు’ అనుకోవద్దు. రెండోసారి కోత అనే మాట 12 నెలల లోపు ఎత్తకూడదు.

ఖర్చు సంగతి ఒక్కమాట. ఆరోగ్య బీమా పాలసీల్లో అందం కోసం చేసే సర్జరీకి మినహాయింపు ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత సరిచేయడానికైతే వర్తిస్తుంది. జీఎస్టీలో కూడా మామూలు వైద్యానికి ఉన్న మినహాయింపు దీనికి రాదు. బిల్లు ముందే రాయించుకోండి. చేసేవాళ్ల మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ప్లాస్టిక్ సర్జరీలోనో ఈఎన్‌టీలోనో పొందిన డిగ్రీ అడగడానికి మొహమాటపడొద్దు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

‘డాక్టరు గారూ, మా మనవరాలికి ముక్కు వెడల్పు. నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు రోజూ నూనె రాసి ముక్కు నొక్కుతున్నాం. పెద్దయ్యాక సన్నబడుతుందా?’

సన్నబడదమ్మా. ఇందాక పట్టుకుని చూశారుగా, పుటంలో ఉన్నది కండ. నొక్కినంతసేపు అణుగుతుంది, వదిలితే మళ్లీ పొంగుతుంది. పసివాళ్లు మొదటి కొన్ని నెలలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు, నొక్కుడు వల్ల లోపల పొర వాస్తే పాలు తాగడానికి ఇబ్బంది పడతారు. మానేయండి. ఆన్‌లైన్‌లో అమ్మే ముక్కు క్లిప్పులదీ ఇదే సంగతి, పైగా గట్టివి పెడితే చర్మం ఒరుసుకుపోతుంది.

‘మా అమ్మాయికి పెళ్లి కుదిరింది సార్, ముక్కుపుడక కుట్టించాలి. ఈ సర్జరీ కూడా చేయించాలనుకుంటోంది. ఏది ముందు?’

సర్జరీ ముందు. పుటంలో ముక్క తీశాక పాత చిల్లు చోటు మారుతుంది. అందంగా కొన వైపు కుట్టించింది కాస్తా మడత దగ్గరికి జారినట్టు కనబడుతుంది. సర్జరీ అయ్యాక 6 నెలలు ఆగి, పుటం మెత్తబడ్డాక కొత్త చోటు గుర్తించి కుట్టించండి. పెళ్లి అంతకన్నా దగ్గర్లో ఉంటే నొక్కుడు ముక్కుపుడకతో సరిపెట్టుకోవచ్చు, అదీ మచ్చ పూర్తిగా మానాకే. ఇంకో మాట అడుగుతానమ్మా: అమ్మాయికి చెవులు కుట్టించిన చోట ఎప్పుడైనా గట్టి గడ్డలా పెరిగిందా?

‘ఎడమ చెవికి పెరిగింది సార్. ఇంజెక్షన్లు వేయించాం.’

అది కీలాయిడ్. అయితే ముక్కు మీద కోత విషయంలో చాలా ఆలోచించాలి. ముక్కుపుటం మీద కీలాయిడ్ చెవి మీదంత తరచుగా రాదు, కానీ వస్తే దాచడానికి చోటు లేదు. పెళ్లికి ముందు చేయించొద్దు. తీరిగ్గా ఒకసారి తీసుకురండి, ఆ చెవి మచ్చ చూసి, ముక్కు కొలతలు తీసి, అసలు కోత అవసరమా, కొన లేపితే సరిపోతుందా చూద్దాం. పాత ఫోటోలు కూడా తెండి, సెల్ఫీలు కాకుండా ఎవరైనా దూరం నుంచి తీసినవి.